సీర్జాన్ నుంచి వచ్చిన మనిషి

సీర్జాన్,
మెహ్ర్ నెల 29

నుస్రత్ అత్తయ్యకి ఫరామర్జ్ సలాములు.

ముందుగా ఒక మాట. ఉత్తరం నా చేతిరాతలో ఉందని కంగారు పడకండి. మీ అబ్బాయి, బహ్మన్ బావ, బాగానే ఉన్నాడు. కుడిచెయ్యి కట్టులో ఉండటంవల్ల నేను రాస్తున్నాను.

27న తెల్లవారుజామున నాలుగింటికి సీర్జాన్ నుంచి హాజీఆబాద్ వైపు బయలుదేరాం. మలాయర్ వదిలాక అది ఇరవై ఏడో రోజు. తొక్కాల్సింది నూట ముప్పై కిలోమీటర్లు. అంతా కంకర రోడ్డు. లారీలు తిరిగి తిరిగి రేకు ముడతల్లా అయిపోయింది. హ్యాండిల్ పట్టుకున్న చేతులు మోచేతులదాకా తిమ్మిరెక్కాయి. ఎదురుగాలి కాబట్టి గంటకొకరం ముందు తొక్కాం. ముందున్నవాడు గాలి తినాలి, వెనకున్నవాడు దుమ్ము తినాలి. రెంట్లో ఏది రుచిగా ఉందని బహ్మన్ బావ అడిగాడు. తొమ్మిదయ్యేలోపు నాలుగు పంక్చర్లు, అన్నీ ఒంటెలు తినే ముళ్ళవే. బావ నా టైరుకి కూడా తనే ప్యాచ్ వేశాడు. నేను వేస్తే షాపు పరువు పోతుందట.

పదింటికి ఒక లారీ ఆగింది. డ్రైవరు పుచ్చకాయ కోసి ఇచ్చి, "మిమ్మల్ని ఇంట్లోంచి తరిమేశారా ఏంటి?" అన్నాడు.

"లేదు ఆగా గారూ, పిల్లనివ్వడానికి మామగారు పెట్టిన పరీక్ష. సముద్రం దాకా తొక్కి, రేవు పోస్టాఫీసు ముద్ర కొట్టించుకుని వస్తే నిఖా. లేకపోతే సైకిళ్ళ షాపువాడికి పిల్లనివ్వడట" అన్నాడు బావ.

"మరి వీడెవడు?"

"సాక్షి."

డ్రైవరు రోడ్డు పక్కన కూర్చుని మరీ నవ్వాడు. తూబా వాళ్ళ నాన్న హాజీ కరామత్ గారికి ఇది చెప్పకండి.

మధ్యాహ్నం రెండున్నరకి నీళ్ళు అయిపోయాయి. మూడింటికి కొండ దిగుడు మొదలైంది. ముందు చక్రం బ్రేకు తీగ తెగింది. మలుపులో గాడిదలు అడ్డొచ్చాయి, బావ వాటిని తప్పించబోయి రాళ్ళ మీద పడ్డాడు. చెయ్యి రెండుచోట్ల విరిగింది. దవడకి కట్టు వేశారు. దానికి తోడు ఎండదెబ్బ, జ్వరం. గొర్రెల లారీలో ఎక్కించి మళ్ళీ సీర్జాన్ ఆసుపత్రికి తెచ్చాను.

భయపడాల్సింది లేదు. ఆష్ జావ తాగుతున్నాడు. నిన్న కాస్త నవ్వాడు కూడా. మీరు రావద్దు. ఐదు రోజుల బస్సు, దారి బాగాలేదు. నెల తిరిగేసరికి మేమే వస్తాం. పెళ్ళి దై నెలలో కదా, ఇంకా రెండు నెలల టైముంది. తూబాకి మాత్రం ఏమీ చెప్పొద్దని బావ మాట.

మీరు పెంచిన
ఫరామర్జ్

*

మలాయర్,
ఆబాన్ నెల 7

నాయనా ఫరామర్జ్,

నీ ఉత్తరం 5న అందింది. సగం చదివి మడిచి పెట్టాను. మిగతాది నాకు చదవకుండానే తెలుసు.

మీ మావయ్య అరాక్‌లో పోయినప్పుడు కూడా ఇలాగే రాశారు. మొదట జలుబన్నారు, తర్వాత ఆష్ తాగుతున్నాడన్నారు, తర్వాత నవ్వాడన్నారు. మీరు రావద్దు, దారి బాగాలేదు అన్నారు. అప్పటికి ఆయన్ని మట్టి చేసి పదకొండు రోజులు. మా నాన్నప్పుడూ అంతే. ఈ ఊళ్ళో పోయినవాడి గురించి పోయాడని రాసినవాడు ఇంతవరకూ లేడు. నువ్వు నా చేతుల్లో పెరిగినవాడివి, పద్ధతిగా రాశావు. నీ చెయ్యి చల్లగుండాలి.

వాడి ఏడో రోజు ఉత్తరం చేరకముందే దాటిపోయింది. అందుకని నిన్న మసీదులో ఖురాన్ చదివించాను. నాలుగు వందలమంది వచ్చారు. హల్వా చాలక రెండోసారి చేయాల్సి వచ్చింది. నా దగ్గర కుట్టు నేర్చుకునే పిల్లలు రెండు రోజులుగా రావడం లేదు, మిషన్లన్నీ ఖాళీగా ఉన్నాయి. వాడు పోయాడని ఊరి గోడల మీద అంటించిన కాగితం ఒకటి ఇందులో పెడుతున్నాను. ప్రెస్సువాడు పేరు పెద్దగానే వేశాడు.

వాడి బట్టలు ఇచ్చేశాను. ఊదారంగు కోటు రొట్టెల కొట్టులో పిండి పిసికే జబార్‌కి సరిపోయింది. నిన్నా ఇవాళా పొద్దున అది తొడుక్కుని మా గుమ్మం ముందునుంచే పోయాడు. పొమ్మనలేను, ఇచ్చింది నేనే.

తూబా వచ్చి నా ఒళ్ళో పడి ఏడ్చింది. ఇరవై ఏళ్ళ పిల్ల. హాజీ కరామత్‌కి నేనే చెప్పాను, పిల్లని కూర్చోబెట్టకండి, నలభయ్యో రోజు దాటగానే నల్లబట్ట తీయించి మంచిచోట ఇవ్వండి అని. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు.

వాణ్ణి ఎక్కడ పెట్టారో గుర్తుంచుకో. రాయి వేయించాలి. చలి తగ్గాక వస్తాను.

నీ అత్తయ్య
నుస్రత్

*

సీర్జాన్,
ఆబాన్ నెల 15

అత్తయ్యా,

మీ ఉత్తరం నిన్న వచ్చింది. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు కాబట్టి ఉన్నది రాస్తాను. బహ్మన్ బావ బతికే ఉన్నాడు. నేను పద్ధతి కోసం రాయలేదు. నిజంగానే జలుబు లేదు, నిజంగానే ఆష్ తాగాడు, నిజంగానే నవ్వాడు.

మీ ఉత్తరం మంచం పక్కన కూర్చుని నేనే చదివి వినిపించాను. దాచుదామనుకున్నాను. కానీ గోడకి అంటించే ఆ కాగితం కవరులోంచి జారి బావ పొట్ట మీద పడింది. దాన్ని తీసి చదువుకుని, "నా వయసు ఒక ఏడాది ఎక్కువ వేశారు" అన్నాడు. నాలుగు వందలమంది అనేసరికి దవడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కోటు సంగతి విని ఇంకా నవ్వాడు. జబార్ భుజాలకి కుట్లు తెగుతాయి చూడు అన్నాడు. తర్వాత తూబా గురించి చదివాను. మళ్ళీ చదవమన్నాడు, చదివాను.

ఈరోజు పొద్దునే మీకు తంతి కొట్టాను. "బహ్మన్ బతికే ఉన్నాడు, ప్రమాణపూర్వకంగా." ఈ ఉత్తరం కింద బావ ఎడంచేత్తో రెండు లైన్లు రాశాడు. అక్షరాలు వంకరగా ఉన్నా అవి అతనివే.

జ్వరం మళ్ళీ వచ్చింది, మూత్రపిండాలు సరిగ్గా లేవంటున్నారు. డాక్టరు ఇంకో రెండు వారాలు కదలనివ్వడు. హాజీగారికి మీరే వెళ్ళి చెప్పాలి. ఇవాళే వెళ్ళండి.

ఫరామర్జ్

అమ్మా, నేను చావలేదు. తూబాకి చెప్పు. ఆగమని చెప్పు. – బహ్మన్

*

సీర్జాన్,
ఆబాన్ నెల 20

అత్తయ్యా,

తంతి కొట్టి ఐదు రోజులైంది, జవాబు లేదు. అందుకని ఫొటోగ్రాఫర్‌ని ఆసుపత్రికి తీసుకొచ్చాను. అతను రానన్నాడు, రోగుల్ని తీస్తే అచ్చిరాదట. రెండుసార్లు బతిమాలాను. "ఆయన చేతిలో ఏదైనా పువ్వు పెడదామా?" అన్నాడు. బావ వద్దని మీరు పంపిన కాగితమే పట్టుకున్నాడు. ఫొటోలో పెద్దక్షరాల్లో తన పేరు, కింద మసీదు పేరు, మీరు ఖురాన్ చదివించిన తేదీ కనపడతాయి. ఆ కాగితం మలాయర్‌లో అచ్చయింది, ఈ చెయ్యి ఇక్కడుంది. ఇంతకంటే ఏం చూపించాలో నాకు తెలియదు.

గుండు చేశారు, గడ్డం పెరిగింది, బాగా చిక్కిపోయాడు. మొదట మీరు గుర్తుపట్టకపోవచ్చు. కాస్త నిదానంగా చూడండి.

ఫరామర్జ్

*

మలాయర్,
ఆబాన్ నెల 23

ఫరామర్జ్,

తంతి అందింది. నీ 15వ తేదీ ఉత్తరం కూడా అందింది.

బతికున్నవాడి గురించి బతికున్నాడని ఎవరైనా తంతి కొడతారా? తంతి ఆఫీసు గుమాస్తా నా చేతికిస్తూ తల దించుకున్నాడు. వాడికి కూడా అర్థమైంది. నీకే అర్థం కావడం లేదు.

ఆ వంకర రాత చూశాను. నీకు ఆరేళ్ళప్పుడు పలక మీద అక్షరాలు దిద్దించింది నేను. నువ్వు ఎడంచేత్తో రాసినా, కాలితో రాసినా నేను పోల్చుకుంటాను. చచ్చిపోయిన నా కొడుకు పేరుతో నాకు ఉత్తరం రాస్తావా? ఎందుకు? నేను ఏడుస్తానని జాలా, లేక నిన్ను ఎవరైనా ప్రశ్నిస్తారని భయమా? అయితే నేనే అడుగుతాను. ఆ దిగుడులో నువ్వు ముందున్నావా, వెనకున్నావా? నీళ్ళు అయిపోయినప్పుడు చివరి గుక్క ఎవరు తాగారు? నీకెందుకు గీరుకుపోయిన గాయమైనా లేదు?

దిక్కులేనివాడివని తెచ్చుకుని పెంచాను. నా కొడుక్కి పెట్టిన గిన్నెలోనే నీకూ పెట్టాను. ఇద్దరూ వెళ్ళారు, ఒకడు ఉత్తరాలు రాస్తున్నాడు.

ఇక్కడి సంగతి. నహావంద్ నుంచి ఒక పంచదార వ్యాపారి కుటుంబం తూబాని చూసి వెళ్ళింది. పెళ్ళాం పోయినవాడు, ముప్పై ఆరేళ్ళు, పిల్లల్లేరు. ఆ సంబంధం నేనే చెప్పాను. వచ్చే నెల ఆజర్ 6న, నలభయ్యో రోజున, పెళ్ళికొడుకు తల్లి మా ఇంటికే వస్తుంది, నా ముందే పిల్లచేత నల్లబట్ట తీయించడానికి. 20న గురువారం నిఖా.

ద్రాక్ష పాకం కాస్తున్నాను, చేతులన్నీ జిగురు. ఇంకేమీ రాయను. నువ్వూ రాయకు.

నుస్రత్

*

మలాయర్,
ఆబాన్ నెల 29

ఫరామర్జ్,

ఫొటో నిన్న అందింది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. వాడు నా కొడుకే. నేను వేయించిన కాగితం వాడి చేతిలోనే ఉంది. చూసి ఏడ్చానని రాయాలి. ఏడవలేదు. ముందు వెళ్ళి తలుపు గొళ్ళెం పెట్టాను.

ఎవరికీ చెప్పలేదు. రాత్రంతా ఆలోచించాను. తూబా తలవంచి సరేనంది. పిలుపులు వెళ్ళిపోయాయి. హాజీ గొర్రెలు కూడా కొన్నాడు. నహావంద్ వాళ్ళు పెద్దవాళ్ళు, పరువుకోసం పాకులాడేవాళ్ళు. చచ్చిపోయిన మొదటివాడు నడిచి వస్తే ఆ పిల్లని అక్కడా తీసుకోరు, ఇక్కడా హాజీ ఇవ్వడు. మలుపులో పడి వచ్చినవాడికి ఆయన ఎలా ఇస్తాడు? రేవు ముద్ర ఏదీ? ఆ పిల్ల ఇద్దరి పేర్లతో ముసలిదవుతుంది. నాలుగు వందలమంది నా చేతి హల్వా తిన్నారు. రేపు వాళ్ళు నా గుమ్మం ముందు నవ్వుతూ నిలబడతారు.

వాణ్ణి అక్కడే ఉంచు. ఆజర్ 20 దాటాక తీసుకురా. మూడు వారాలు, అంతే. జ్వరం తగ్గలేదని డాక్టరుచేత చెప్పించు. బతికున్నవాడికి మూడు వారాలు పెద్ద సంగతి కాదు. తర్వాత వాడికి ఇంకో పిల్లని చూస్తాను.

నిన్ను అన్న మాటలు వాడి మీద దిగులుతో అన్నవి.

అత్తయ్య

*

సీర్జాన్,
ఆజర్ నెల 7

అత్తయ్యా,

మీ 29వ తేదీ ఉత్తరం నిన్న వచ్చింది. బావ ఇక్కడ లేడు.

మీ 23వ తేదీ ఉత్తరం ఆబాన్ 30న చేరింది. నన్ను తిట్టినవి వదిలేసి, ఆజర్ 6 అన్న చోటు రెండుసార్లు చదువుకున్నాడు. డాక్టరు వద్దన్నాడు. సాయంత్రం బస్సులో ఒక్క సీటు ఉంది. నేనూ వస్తానంటే, "నువ్వొస్తే అమ్మ ముందు నిన్ను తిట్టి తర్వాత నన్ను చూస్తుంది. నాకంత టైము లేదు" అన్నాడు. సైకిళ్ళు నా దగ్గరే ఉన్నాయి.

జ్వరంతోనే ఎక్కాడు. దారిలో ఎక్కడా దిగిపోకుండా ఉంటే నిన్న మీ గుమ్మంలో ఉండాలి. ఇది మీకు చేరేసరికి ఎలాగూ అయిపోతుంది.

ఫరామర్జ్

*

మలాయర్,
ఆజర్ నెల 8

ఫరామర్జ్,

వాడు వచ్చాడు. ఎలా వచ్చాడో, ఎలా వెళ్ళాడో రాస్తాను.

నలభయ్యో రోజు జనం మధ్యాహ్నం వస్తారు. పొద్దున పదింటికి నహావంద్ ఆవిడ, ఆమె కూతురు వచ్చి కూర్చున్నారు. వాళ్ళు మన ఊరివాళ్ళు కారు, బహ్మన్‌ని ఎప్పుడూ చూడలేదు. పూల చీటీ గుడ్డ పళ్ళెంలో పెట్టి తెచ్చారు. తూబా నల్లబట్టల్లోనే టీ కాచే సమోవర్ దగ్గర ఉంది. తలుపు చప్పుడైతే నేనే వెళ్ళి తీశాను.

నువ్వు రాసినంత చిక్కలేదు. ఇంకా ఎక్కువే చిక్కాడు. ఏదో అనబోయాడు. అప్పటికే నహావంద్ ఆవిడ నా వెనక నిలబడి ఉంది.

"ఎవరండీ ఈ అబ్బాయి?" అంది.

నేను ఆలోచించలేదు. "సీర్జాన్ ఆసుపత్రి మనిషి. మావాడి సామాను ఇచ్చి పోదామని వచ్చాడు" అన్నాను.

వాడు నన్ను చూశాడు. చాలాసేపు కాదు. "అవును ఖానుమ్. ఎక్కువసేపు ఉండను" అన్నాడు.

"నలభయ్యో రోజు గుమ్మం దాకా వచ్చి హల్వా తినకుండా పోతావా, కూర్చో నాయనా" అందావిడ.

కూర్చున్నాడు. నేను హల్వా పెట్టాను. తిన్నాడు.

"ఎడంచేత్తో తింటావేం?"

"కుడిది ఇంకా పనిచెయ్యడం లేదు."

"అయ్యో. ఇంటి దగ్గర ఎవరూ లేరా నిన్ను చూసుకోడానికి?"

"ఉన్నారు. ఇవాళ వాళ్ళకి పని ఉంది."

తూబా టీ తెచ్చి ముందు పెట్టింది. గుర్తుపట్టింది. పక్కనే ఉన్న నాకు తెలుసు. గ్లాసు చప్పుడు కూడా కాలేదు. అది చూసి నాకు భయం వేసింది.

"ఆయన్ని మీరు చూశారా?" అని అడిగింది.

"చూశాను."

"ఆ రోజు ఏమైంది?"

వాడు చెప్పాడు. నాలుగింటికి బయలుదేరారనీ, ఎదురుగాలనీ, ముళ్ళనీ అన్నీ చెప్పాడు. నీళ్ళు అయిపోయాక తోడున్నవాడు నీడలో ఆగుదామన్నాడట. బహ్మన్ ఆగలేదట. కొండ దిగితే ఊరు, ఊరి నుంచి మూడు రోజుల్లో సముద్రం, సముద్రం నుంచి ఇంటికి. ఆ లెక్క వేసుకుంటూ దిగుడులో బ్రేకు వదిలేశాడట. "తీగ తెగలేదు. అతనే వదిలాడు" అన్నాడు.

"అంత తొందర ఎందుకట?" అంది తూబా.

"తెలియదు. చెప్పలేదు."

ఆమె ట్రే తీసుకుని వెళ్ళింది. కాసేపటికి తిరిగి వచ్చి నహావంద్ ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ నన్ను చూసి, "మీరు సరే అంటేనే" అంది. నేను సరే అన్నాను. ఆవిడ తూబా నల్ల చాదర్ తీసి పూల గుడ్డ భుజాల మీద కప్పింది. వాడు చూస్తూనే ఉన్నాడు.

టీ పూర్తిగా తాగాడు. లేచి, "రంగు బాగుంది" అని బయటికి వెళ్ళిపోయాడు. నేను వీధి చివరిదాకా వెళ్ళాను. అప్పటికే జనం రావడం మొదలైంది, పరిగెత్తలేకపోయాను. అటునుంచి జబార్ వస్తున్నాడు. ఇద్దరూ ఎదురుపడ్డారు. జబార్ ఆ కోటుతోనే గోడకి అంటుకుపోయి కలిమా చదివాడట. ఇప్పుడు రొట్టెల కొట్టులో దెయ్యాన్ని చూశానని చెప్తున్నాడు. అందరూ నవ్వుతున్నారు. మంచిదే.

ఆ రోజు నీ తప్పు లేదని తెలిసింది. కానీ బ్రేకు తీగ తెగిందని నువ్వు అబద్ధం రాశావు. వాడి పరువు కాపాడాలనుకున్నావేమో. ఒక అబద్ధం ఉన్న ఉత్తరంలో మిగతాది నిజమని నేనెలా అనుకోవాలి?

వాడు నీ దగ్గరికే వస్తాడు, సైకిలు అక్కడుంది. 20 దాటాక ఇక రావచ్చని చెప్పు. వాడి గది ఊడ్పించాను. ఎలా ఉన్నాడో, ఏమన్నాడో రాయి. ఈసారి ఏదీ దాచకు. ఏం రాసినా నమ్ముతాను.

నీ అత్తయ్య
నుస్రత్

*

సీర్జాన్,
ఆజర్ నెల 18

అత్తయ్యా,

మీరు అడిగినట్టే రాస్తున్నాను.

బావ 13న వచ్చాడు. రెండు రోజులు పడుకున్నాడు. మూడో రోజు లేచి సైకిలు తిరగేసి చైను కడిగాడు, చక్రం వంకర సరిచేశాడు, రెండు బ్రేకులూ ఎడంచేతి వైపుకే వచ్చేలా బిగించుకున్నాడు. కుడిచెయ్యి హ్యాండిల్ మీద ఆనించగలడు, పట్టుకోలేడు. మీ ఉత్తరం నిన్న వచ్చింది. చదవమంటావా అంటే వద్దన్నాడు. గది ఊడ్పించారని మాత్రం చెప్పాను. "మంచిది, కుట్టుపిల్లలకి ఇంకో రెండు మిషన్లు పడతాయి" అన్నాడు.

ఈ తెల్లవారుజామున నాలుగింటికి హాజీఆబాద్ వైపు బయలుదేరాడు. నేను ముప్పై కిలోమీటర్లు వెంట వెళ్ళాను. గాలి లేదు. ముందు అతనే తొక్కాడు, మార్చుకోలేదు. రేవులో లాంచీల మోటార్లు బాగుచేసే పని ఉందని ఎవరో చెప్పారట. పోస్టాఫీసు ముద్ర సంగతి నేను తేలేదు. ఒంటెల బావి దగ్గర ఆగి నన్ను వెనక్కి వెళ్ళమన్నాడు. అత్తయ్యకి ఏం రాయమంటావని అడిగాను. చూసింది రాయి అన్నాడు.

జ్వరం లేదు. అన్నం తింటున్నాడు. కాస్త ఒళ్ళు చేశాడు. ఉన్న ఐదు రోజుల్లో తూబా పేరు ఒకసారి ఎత్తాడు, నిఖా 20నేనా అని. జబార్ గురించి రెండుసార్లు చెప్పి నవ్వాడు. మీ గురించి ఏమీ అడగలేదు.

ఫరామర్జ్